ఇంట్లో చూసి చెప్పిందీ అభిప్రాయమే

ప్రశ్న: మాది ఒంగోలు. ఇంట్లో నేను, మావారు, ఆరో తరగతి చదివే మా బాబు, మా అత్తగారు ఉంటాం. మా మరిది హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మా ఇంట్లో అందరికీ సినిమాల పిచ్చే. ఈమధ్య చూసిన నాలుగు సినిమాల గురించి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెద్ద చర్చే జరిగింది. 'కోర్ట్' హాల్లో చూశాం, నాకు బాగా నచ్చింది. '35 చిన్న కథ కాదు' ఇంట్లో టీవీలో చూశాను. వంటపనీ బాబు హోంవర్కూ చూసుకుంటూ పూర్తిచేయడానికి మూడు రాత్రులు పట్టింది. 'స్లోగా ఉంది, బోర్' అని గ్రూపులో పెట్టాను. మా మరిది వెంటనే "ఓటీటీలో ముక్కలు ముక్కలుగా చూసి బాలేదంటే ఎలా వదినా, హాల్లో చూసినవాళ్ళు చెప్పాలి" అన్నాడు. అంతకుముందు హైదరాబాద్ వెళ్ళినప్పుడు 'ఖలేజా' రీ-రిలీజ్‌కి తనే తీసుకెళ్ళాడు. ఆ అరుపుల్లో ఒక్క డైలాగూ వినపడక తలనొప్పి వచ్చింది. ఆ మాట అంటే "నీకు సినిమా ఎంజాయ్ చేయడం రాదు" అన్నాడు. 'బలగం' ఇంట్లో చూసి నేను వెక్కి వెక్కి ఏడ్చాను. మావారు ఫోన్ చూసుకుంటూ మధ్యలోనే నిద్రపోయారు. లేచి "టీవీలో సినిమాకి అంత ఏడుపేంటి" అని నవ్వారు. అత్తగారు అప్పుడేమీ అనలేదు కానీ, మర్నాడు మా మావగారికి పిండం పెట్టినప్పుడు కాకి ఎంతసేపటికీ రాలేదని చెప్పుకొచ్చారు. ఇప్పుడు గ్రూపులో సినిమా గురించి నోరు విప్పాలంటేనే టెన్షన్‌గా ఉంది. నాకు నిజంగానే సినిమా చూడడం రాదా? ఇంట్లో చూసి అభిప్రాయం చెప్పకూడదా? ఇకమీదట దేన్ని హాల్లో చూడాలి, దేనికి ఓటీటీ దాకా ఆగాలి?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

సమాధానం: మీకు సినిమా చూడడం బాగానే వచ్చునమ్మా. రానివాళ్ళు ఇంత వివరంగా ఉత్తరం రాయరు. ఏ సినిమా ఎక్కడ చూశారో, పక్కన ఎవరున్నారో, అప్పుడు మీరేం పనిలో ఉన్నారో అన్నీ చెప్పారు. మీ గ్రూపులో పోస్టుల్లో ఉండాల్సిందీ సరిగ్గా అదే. చూసిన తీరు చెప్పకుండా తీర్పు ఒక్కటే చెబితే అవతలివాళ్ళు దాన్ని సినిమా మీద ఆఖరి మాటగా తీసుకుంటారు, తగువు అక్కడే మొదలవుతుంది. మీ నాలుగు అభిప్రాయాల్లో మూడింటితో నేను ఏకీభవిస్తున్నాను. ఒక్కటి మాత్రం తొందరపడి ఇచ్చారనిపించింది.

ముందు మీ మరిది మాట తేల్చేద్దాం. హాల్లో చూసినవాళ్ళే చెప్పాలనేది అతను పెట్టిన రూలు. ఆ రూలుకి మొదట అడ్డొచ్చేది అతనికి అంత ఇష్టమైన ఖలేజానే. అది 2010 అక్టోబరులో విడుదలైంది. 'అతడు' తర్వాత ఐదేళ్ళకు దర్శకుడు త్రివిక్రమ్, మహేశ్‌బాబు మళ్ళీ కలిసి చేస్తున్నారని జనం కొండంత ఆశతో వెళ్ళారు. అతడులో హీరో అవసరమైతే తప్ప మాట్లాడడు. ఇందులో ఆగకుండా మాట్లాడే ట్యాక్సీ డ్రైవర్. దానికి తోడు రాజస్థాన్ ఎడారి, అంతుపట్టని జబ్బుతో జనం చనిపోతున్న ఊరు, దేవుడొచ్చి కాపాడతాడని వాళ్ళ ఎదురుచూపు. ఇంకో 'అతడు' కోసం వచ్చిన జనానికి ఇది ఎక్కలేదు. బాక్సాఫీసు దగ్గర దెబ్బతింది. హాల్లో చూసినవాళ్ళ తీర్పే చివరిదైతే ఆ సినిమా కథ అక్కడితో ముగిసిపోవాలి.

దాన్ని బతికించింది టీవీ. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, సెలవుల్లో, పడక్కుర్చీలోనో చాప మీదో పడుకుని చూసినవాళ్ళు దాని డైలాగులు నేర్చుకున్నారు. పదే పదే చూడడం వల్ల మొదటిసారి పట్టుబడని హాస్యం పట్టుబడింది. 2025 మే 30న మళ్ళీ హాళ్ళలో వేస్తే అంత జనం వచ్చారంటే, అది ఇంట్లో చూసినవాళ్ళు కొన్నేళ్ళపాటు పోగుచేసిన ప్రేమ. ఈ పదిహేనేళ్ళలో సినిమా మారలేదు, చూసిన తీరు మారింది. మీ మరిదికి ఈ మాట ప్రేమగానే చెప్పండి. తనకి ఇష్టమైన సినిమాకి న్యాయం జరిగింది ఇళ్ళల్లోనే అని అతనికీ తెలిసే ఉంటుంది.

ఇక ఆ హాల్లో మీ తలనొప్పి సంగతి. రీ-రిలీజ్‌కి వచ్చేవాళ్ళలో చాలామంది సినిమా చూడడానికి రారు, సినిమా తమకు వచ్చునని కలిసి చెప్పుకోవడానికి వస్తారు. తెర మీద డైలాగు రాకముందే హాలంతా దాన్ని అప్పజెబుతుంది. పాట వస్తే తెర ముందుకెళ్ళి డాన్స్ చేస్తారు. కాగితాలు ఎగరేస్తారు, ఫోన్ లైట్లు ఊపుతారు. ఆ కుర్రాళ్ళ సంతోషాన్ని నేను చిన్నచూపు చూడను. కాలేజీ రోజుల్లో హాస్టల్ టీవీ ముందు కూర్చున్న స్నేహితులంతా ఉద్యోగాలొచ్చి చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యాక, మళ్ళీ ఒక్కచోట చేరే పండగ అది. కానీ సినిమా మొదటిసారి చూసేవాళ్ళకి అది సరైన చోటు కాదు. మీకు డైలాగులు వినపడలేదన్నది జరిగిన విషయం, అందులో వాదనకి తావు లేదు. కాబట్టి 'ఖలేజా నచ్చలేదు' అనకండి. 'ఆ షో నాకు పడలేదు, సినిమా గురించి ఇంకా చెప్పలేను' అనండి. మీ మరిది పండక్కి ఇంటికొచ్చినప్పుడు టీవీలో పెట్టించి తన పక్కనే కూర్చుని చూడండి. అప్పుడూ నవ్వు రాకపోతే, రాలేదని అతని ముఖం మీదే చెప్పవచ్చు.

తొందరపడ్డారని నేనన్నది 35 గురించి. ఈ విషయంలో మీ మరిది సగం కరెక్టే. టీవీలో చూడడం తప్పు కాదు, మూడు రాత్రులు చూడడమే ఆ సినిమాకి దెబ్బ. అది తిరుపతిలో ఒక చిన్న కుటుంబం కథ. ఆ పిల్లాడికి లెక్కలు రావని అందరూ అనుకుంటారు. నిజానికి వాడి బాధ వేరు. సున్నాకి విలువ లేదంటారు, అదే సున్నాని ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుంది అని అడుగుతాడు. జవాబు చెప్పేవాళ్ళు ఉండరు, అడిగినందుకు చీవాట్లు మాత్రం పడతాయి. చదువు మధ్యలో తప్పిన తల్లి, నివేదా థామస్ చేసిన పాత్ర, వాడికి నేర్పడం కోసం తాను మళ్ళీ లెక్కలు మొదలుపెడుతుంది. పెద్ద మలుపులుండవు. ఇంటర్వెల్‌కి అదిరిపోయే సీన్ ఉండదు. మొదటి అరగంటలో పిల్లాడి ముఖంలో కనిపించిన ఆ బెదురు మన మనసులో అలాగే ఉంటేనే, చివర్లో వాడు పరీక్ష హాల్లో కూర్చున్నప్పుడు మన గుండె కూడా దడదడలాడుతుంది. సోమవారం రాత్రి చూసిన బెదురు బుధవారం రాత్రి దాకా నిలవడం కష్టం. మధ్యలో మీ బాబు హోంవర్కు ఉంది, పొద్దున టిఫిన్ హడావుడి ఉంది.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. మీ బాబు ఆరో తరగతి అన్నారు. ఆ సినిమా చూస్తున్నప్పుడు పక్కనే వాడితో హోంవర్కు చేయిస్తున్నారన్నారు. తెర మీద ఒక తల్లి కొడుకు లెక్కల దగ్గర పడే అవస్థ, తెర ఇవతల అదే అవస్థ. రోజంతా మోసిన బరువునే రాత్రి టీవీలో మళ్ళీ చూడాలంటే ఎవరికైనా విసుగు రావచ్చు. ఆ విసుగు సినిమాదా, ఆ రోజుదా అన్నది మీరే తేల్చుకోవాలి. బాబుకి సెలవు ఉన్న రోజు, వంట ముందే ముగించుకుని, వాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క విడతలో చూడండి. అప్పుడూ స్లోగానే అనిపిస్తే అలాగే రాయండి. సెకండాఫ్ కొంచెం సాగిందని నాక్కూడా అనిపించింది. తల్లి పట్టుదల మనకు అర్థమైపోయాక కూడా దాన్నే ఇంకో రెండు మూడు సన్నివేశాల్లో చెప్పారు. అయినా ఆ పిల్లాడి ప్రశ్నని అంత మర్యాదగా తీసుకున్న సినిమా మనకి అరుదు, అందుకే నాకు ఇష్టం.

బలగం విషయానికొస్తే, మీవారి నవ్వుని మనసులో పెట్టుకోకండి. ఆయన ఫోన్ చూశారు, నిద్రపోయారు, అంటే సినిమా చూడలేదు. చూడని సినిమా మీద ఆయన మాటకి విలువ ఇవ్వక్కర్లేదు, అలాగని దెబ్బలాడాల్సిన పనీ లేదు. 2023 మార్చి 3న హాళ్ళకొచ్చిన ఆ సినిమా అదే నెల 24న ఓటీటీలోకి వచ్చేసింది. ఫోన్లో, టీవీలో ఎవరింట్లో వాళ్ళు చూసుకోగలిగిన సినిమాని తెలంగాణ పల్లెల్లో తెర కట్టి, ఊరు ఊరంతా నేల మీద కూర్చుని చూశారు. మాటలు మానేసిన అన్నదమ్ములు అది చూశాక కలిశారని పేపర్లలో వార్తలొచ్చాయి. ఆ జనం చూసింది మల్టీప్లెక్సులో కాదు. సౌండు సిస్టం గొప్పదేమీ కాదు. చుట్టూ తమవాళ్ళున్నారు, అంతే.

ఆ సినిమాలో గొడవంతా భోజనాల దగ్గర నల్లి బొక్క (మూలుగ ఉన్న మాంసపు ఎముక) కోసం బావకీ బావమరిదికీ వచ్చిన మాటా మాటా. ఇంత చిన్నదానికి ఏళ్ళ తరబడి రాకపోకలు ఆగిపోతాయా అని కొందరన్నారు. ఆగిపోతాయని పెళ్ళిళ్ళు చూసిన ప్రతివాళ్ళకీ తెలుసు. మా చెల్లెలికి చీర పెట్టలేదనో, పిలుపుకి పెద్దవాళ్ళు రాలేదనో మొదలై, కారణం మరిచిపోయాక కూడా పంతం మిగిలిపోతుంది. దర్శకుడు వేణు యెల్దండి ఆ పంతాన్ని చావింట్లో కూర్చోబెట్టి, కాకి చేత తీర్పు చెప్పించాడు. యాస కరీంనగర్‌దైనా, కాకి ముట్టలేదంటే ఒంగోలులో గుండె ఆగదా? మీ అత్తగారు ఏమీ అనలేదని రాశారు కానీ, నాకైతే ఈ ఉత్తరంలో అందరికంటే గొప్పగా సినిమా చూసింది ఆవిడే అనిపిస్తోంది. బాగుంది, బాలేదు అనలేదు. మర్నాడు మావగారి పిండం రోజు గుర్తుచేసుకున్నారు. గ్రూపులో ఆవిడని ఎవరైనా ఎప్పుడైనా 'మీకెలా అనిపించింది' అని అడిగారా? అడగండి. ఆవిడ చెప్పేది వాయిస్ మెసేజ్‌గా పెట్టండి. మీ మరిది తల్లి మాట మీద వాదించడనుకుంటాను.

కోర్ట్ నాకూ నచ్చింది. 2013లో విశాఖపట్నంలో జరిగినట్టు చెప్పిన ఆ కథలో, పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడడానికి తెచ్చిన పోక్సో చట్టాన్ని ఒక పెద్దమనిషి తన పరువు కోసం ఎలా వాడుకోగలడో చూపించారు. మంగపతిగా శివాజీ గొంతు పెంచిన చోట కంటే, ఇంట్లో ఆడవాళ్ళ ముందు నింపాదిగా మాట్లాడే చోట ఎక్కువ భయపెట్టాడు. అది హాల్లో చూడడం మంచిదైంది. ఆ పాత్ర మీద కోపం హాలంతా ఒకేసారి కమ్ముకుంటుంది, చివర్లో చప్పట్లు కూడా అందుకే. అయితే చప్పట్ల మధ్య కొన్ని లోపాలు దాటిపోతాయన్నది మరవకండి. కోర్టు సీన్లలో గెలుపు కొంచెం తేలిగ్గా వచ్చేసిందనీ, ఆ అమ్మాయి తన మనసు తానే చెప్పే అవకాశం తక్కువ దొరికిందనీ నాకనిపించింది. మీరు ఇంట్లో ఇంకోసారి చూసినప్పుడు ఈ రెండూ గమనించి చెప్పండి. హాలు సినిమాకి కొంత కలిపి ఇస్తుంది, ఇల్లు కొంత తగ్గించి ఇస్తుంది. రెండుసార్లు చూసిన సినిమా గురించి మన మాట గట్టిగా ఉండేది అందుకే.

మీరు గమనించారో లేదో, ఖలేజా తప్ప మిగతా మూడింట్లోనూ ప్రియదర్శి ఉన్నాడు. బలగంలో తాత చావుని తన నిశ్చితార్థానికి అడ్డుగా చూసే మనవడు. 35లో పిల్లాణ్ణి సున్నా అని పిలిచే లెక్కల మాస్టారు. కోర్ట్‌లో మొదటి కేసు కోసం తహతహలాడే కుర్ర లాయరు. మూడూ గుర్తుచేసుకుని, ఏ పాత్రలో అతను మీకు ప్రియదర్శిలా కాక ఆ మనిషిలా కనిపించాడో ఆలోచించండి. నా ఓటు మాస్టారికి. అతను దుర్మార్గుడేమీ కాడు, ప్రశ్నలంటే ఓర్పులేని మనిషి. అలాంటి మాస్టార్లు మనందరికీ తెలుసు. గ్రూపులో ఈ ఒక్క ప్రశ్న పెట్టి చూడండి. మూడు సినిమాలు హాల్లో చూసినవాళ్ళూ ఇంట్లో చూసినవాళ్ళూ కూడా జవాబు చెప్పగలరు.

రాసేటప్పుడు రేటింగు ఇవ్వకండి. రెండుంపావు, రెండుంముప్పావు అని వెబ్‌సైట్లు వేసే అంకెలతో మనకేం పని? 'బోర్', 'ల్యాగ్', 'కనెక్ట్ కాలేదు' అని ఆపేయకుండా ఒక్క సీన్ చెప్పండి. 'పిల్లాడు సున్నా గురించి అడిగిన సీన్ బాగుంది, ఆ తర్వాత తల్లి చదువు మొదలుపెట్టిన దగ్గర నాకు సాగినట్టనిపించింది, కాకపోతే నేను మూడు రాత్రులు చూశాను' అని రాస్తే మీ మరిది ఏమంటాడు? ఆ సీన్ గురించే మాట్లాడాలి. మిమ్మల్ని అనడానికి అతనికి సందు ఉండదు. ఇంకోటి, హీరో అభిమానులతో సినిమా గురించి విడుదలైన వారంలో మాట్లాడకండి. వాళ్ళకి ఆ వారం కలెక్షన్ల టెన్షన్ ఉంటుంది, మీరు ఏ లోపం చెప్పినా తమ ఇంటి మనిషిని అన్నట్టు తీసుకుంటారు. నెల ఆగితే వాళ్ళే ఆ లోపాలు చెబుతారు.

ఇంట్లో చూసేటప్పుడు టీవీ కూడా సరిగ్గా ఉండాలి. సినిమా మామూలుగా సెకనుకి 24 ఫ్రేముల్లో తీస్తారు. చాలా కొత్త టీవీలు మధ్యలో లేని ఫ్రేములు కల్పించి చూపిస్తాయి. దాంతో ఎంత మంచి కెమెరా పనితనమైనా డైలీ సీరియల్‌లా నున్నగా జారిపోతున్నట్టు కనిపిస్తుంది. సామ్‌సంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ అనీ, ఎల్‌జీలో ట్రూమోషన్ అనీ, సోనీలో మోషన్‌ఫ్లో అనీ సెట్టింగ్స్‌లో ఉంటుంది. అది ఆపేయండి. లేదా పిక్చర్ మోడ్‌లో సినిమా, ఫిల్మ్‌మేకర్ అని ఉంటే అది పెట్టండి. మాటలు వినపడక సౌండు పెంచితే వెంటనే బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ చెవులు బద్దలు కొట్టడం కూడా అందరిళ్ళలో ఉన్న బాధే. చుట్టూ స్పీకర్ల కోసం కలిపిన 5.1 సౌండు టీవీలోని రెండు చిన్న స్పీకర్లలోంచి రావడం వల్ల అలా జరుగుతుంది. యాప్‌లో ఆడియో దగ్గర స్టీరియో అని ఎంచుకునే వీలుంటే అది తీసుకోండి. అది లేకపోతే తెలుగు సినిమాకైనా సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, నామోషీ ఏమీ లేదు. మీవారి ఫోను పక్క గదిలో చార్జింగ్‌కి పెట్టించగలిగితే సగం పని అయిపోయినట్టే.

ఇక దేనికి హాలుకి వెళ్ళాలి? బొమ్మా చప్పుడూ కథతో సమానంగా పనిచేసే సినిమాకి వెళ్ళండి. ఆర్ఆర్ఆర్‌లో ఇంటర్వెల్ ముందు జంతువులతో దూకే సీన్ పెద్ద తెర కోసం తీసింది, 43 అంగుళాల టీవీలో దాని రూపు తెలుస్తుంది కానీ బలం తెలియదు. పెద్ద తెర చూడాలని సరదా ఉంటే, దూరమైనా ఒకసారి సూళ్ళూరుపేట వెళ్ళవచ్చు. అక్కడి హైవే పక్కన 2019లో కట్టిన థియేటర్ తెర దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. కామెడీ సినిమాలకి కూడా హాలుకే వెళ్ళండి. ఈ మాట జనం అంతగా ఒప్పుకోరు, చిన్న కామెడీ కదా ఓటీటీలో చూద్దామంటారు. ఒంటరిగా చూస్తే చిరునవ్వు వచ్చే జోకుకి నిండిన హాల్లో పగలబడి నవ్వుతాం. అందుకే నిండని హాల్లో, వారం మధ్యలో మ్యాట్నీకి మాత్రం వెళ్ళకండి.

నలుగురికి టికెట్లు, ఆటో, ఇంటర్వెల్ ఖర్చులు కలిపితే మధ్యతరగతి ఇంటికి ఎంత బరువో నాకు తెలుసు. కాబట్టి నెలకి ఒక్క సినిమా అనుకుంటే, అది విడుదలైన వారం కాక రెండో వారం వెళ్ళండి. అరుపులు తగ్గుతాయి, రేట్లు పెంచి ఉంటే అవీ దిగుతాయి, టాక్ కూడా తేలిపోతుంది. మాటల మీద, ముఖాల మీద నడిచే సినిమాలకి ధైర్యంగా ఓటీటీ దాకా ఆగండి. ఎక్కువ తెలుగు సినిమాలు నెలా నెలన్నరలో వచ్చేస్తున్నాయి. చిన్న సినిమా అయి, మీకు బాగా ఆశ ఉంటే మాత్రం ఆగకండి. దానికి మొదటి వారం జనం రాకపోతే రెండో వారం మీ ఊళ్ళో ఆ సినిమా ఉండదు.